తోమినా పోని మొహం

మంగళవారం, రాత్రి

ఈరోజు మాలకొండయ్య నా ముందు కూర్చున్నాడు. రొయ్యల ఫ్యాక్టరీ గేటు తన సొంతమైనట్టు విర్రవీగే ఆ సెక్యూరిటీ సూపర్‌వైజరు, గుర్తింపు కార్డులు చేసే నా గదిలో నేను చెప్పినట్టల్లా తల తిప్పాడు.

పోయిన వేసవిలో, రొయ్యలు వలిచే అమ్మని గేటు బయట ఎండలో నిలబెట్టింది ఇతనే. నీచు వాసన పోవాలని అమ్మ రోజూ కార్డుని సబ్బు పెట్టి తోమేది. ఫొటో కాస్తా చెరిగిపోయింది. "ఏందమ్మే, మొహం లేని కార్డు చూపిస్తుండావు? దెయ్యానివా? ఇంకోటి ఇయ్యం, మనిషికి ఒకటే కార్డు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకింకా వినిపిస్తూనే ఉంది.

ఇప్పుడు కొత్త లేజర్ మిషనుతో అందరికీ కార్డులు మారుస్తున్నాం. అది రంగుని పైన అద్దదు, ఫొటోని కార్డు లోపలి పొరలో కాలుస్తుంది. "తొందరగా కానీమే" అని అతను అరిచిన క్షణంలోనే ఫొటో తీశాను. ఒక కన్ను మూత, పళ్లన్నీ బయట, కిళ్లీ గారతో సహా. దాన్నే చెక్కించాను.

చూసి బిక్కచచ్చిపోయాడు. "ఇది గీకేసి ఇంకోటి ఎయ్ పాపా."

"గీకితే పోదు సార్. మనిషికి ఒకటే కార్డని మీరే కదా చెప్పేది."

రేపు మేనేజరుకి చెబుతాడేమో. నా ఉద్యోగం... చెప్పుకోనీ.

అమ్మ ఇప్పుడు కుళాయి కింద తన కొత్త కార్డుని సబ్బు పెట్టి తోముతోంది. నేను ఆపలేదు. ఎంత తోమినా ఆ మొహం ఇక పోదు.

వాడిదీ పోదు.