సింధూరం పెట్టిన ఎలుక

పొదిలి

మహతి మేడం గారికి,

స్వామి దయవల్ల కొండమీద మనం నాటిన రేగు, మోదుగ మొక్కలన్నీ బతికాయి. ఒక తప్పు ఒప్పుకోవాలి. వినాయక చవితినాడు గుర్తు పెట్టి వదిలి, ఎలుకలు ఎటు తిరుగుతున్నాయో లెక్క చూడ్డానికి పాత పొదల్లో మీరు పెట్టించిన బోన్లలో ఆరు ఎలుకలు పడ్డాయి. స్వామివారి వాహనాలు కదా అని, వదిలేముందు వాటి నెత్తిన నూనె సింధూరం పెట్టాను.

“ఏందక్కా, బొట్టు పెట్టి తాంబూలం ఇవ్వకుండానే పంపావా?” అని తోటి కాపలాదారు జయరావు నవ్వాడు. మీ ఆకుపచ్చ గుర్తు తప్ప ఇంకే రంగూ అంటకూడదని మీరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చి భయపడ్డాను.

పాత పొదల నుంచి కొత్త మొక్కల్లోకి ఒక్క ఎలుకైనా రాకపోతే, అడవి తిరిగి రాలేదని చెప్పి పై అధికారులు వచ్చే ఏడు నాటనివ్వరని మీరు దిగులుపడ్డారు కదా. ఈ ఉదయం అక్కడి బోనులో ఒకటి పడింది. దాని నెత్తిన సింధూరం ఉంది.

నన్ను ఏమన్నా పడతాను. దాన్ని మాత్రం లెక్కలోంచి తీసేయకండి.

మీ కొండ కాపలా మనిషి