సుమన పెట్టిన పసుపు

హైదరాబాద్, జూన్ 9
కుమారి సుమన గారికి,
పాత కళావస్తువుల సంరక్షణ పీజీ కోర్సుకు మీరు పెట్టిన దరఖాస్తు, మీరు బాగుచేసి పంపిన నమూనా చీర, దాని నివేదిక అందినవి. 20వ తేదీన ఇంటర్వ్యూకు స్వయంగా హాజరు కావలెను.
భవదీయుడు,
శ్రవణ్ కుమార్, ప్రవేశాల విభాగం
తా.క. రాలేనివారు కారణం రాసి పంపవలెను.

గద్వాల, జూన్ 13
శ్రవణ్ కుమార్ సారుకు సుమన తల్లి జమ్ములమ్మ దండం పెట్టి రాసేది.
కారణం రాయమన్నరు, రాస్తున్న. నా బిడ్డ లేదు సారూ. మీకు దరఖాస్తు పంపినంక, ఉగాది ముందటనే జరమొచ్చి దవాఖానల పానం ఇడిసింది. మీ ఇంటర్వ్యూ మీరే చేసుకోండ్రి. ఆ చీర నాది, నా మగ్గం మీద నాకోసం నేసుకున్నది. చినిగినకాడ బిడ్డ కూసోని పోగు పోగు కలిపింది. ఆమె చేతిపని ఇంట్ల ఇంకోటి లేదు. జర చీర పంపుండ్రి.
ఇట్లు, జమ్ములమ్మ
తా.క. నేను మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకోండ్రి, మీకు వేరే పనేముంది.

హైదరాబాద్, జూన్ 18
కుమారి సుమన గారికి,
మీ గైర్హాజరుకు చూపిన కారణం నమోదు చేసుకున్నాము. నమూనా వాపసుకు అభ్యర్థి స్వదస్తూరితో కోరవలెను. చీర కొంగు మూలన పసుపురంగు మరక ఉన్నది. కారణం తెలియదు. జూలై 3న మా ల్యాబులో తొలగించబడును.
భవదీయుడు,
శ్రవణ్ కుమార్
తా.క. మరక వదిలేసినందుకు మార్కులు తగ్గవచ్చును.

గద్వాల, జూన్ 21
సారూ,
ఈసారి దండం లేదు. సచ్చిన పిల్ల దస్తూరి యాడికెల్లి తేవాలె? కొత్తబట్ట కట్టేముందు మూలకు పసుపు పెట్టరా మీ ఇండ్లల్ల? మీ అమ్మనడుగు. పాతయి కాపాడే సదువంట, పసుపు ఎరుకలేదంట! ఆ చీర మొదటిసారి కట్టిన దినం సుమన ఐదేండ్లది. బొట్టంత పెట్టవే అంటే అరచేయంత ముంచి ఒత్తింది. ఈపుల ఒక్కటిచ్చిన. గంత చిన్న చేయి ఇప్పుడు గా చీర మీదనే ఉన్నది. దాన్ని ముట్టినవంటే నీ ల్యాబుల వచ్చి కూసుంట.
జమ్ములమ్మ
తా.క. సద్ది కట్టుకొనే వస్త. తొందరగ లేవ.

హైదరాబాద్, జూలై 2
కుమారి సుమన గారికి,
మీ నివేదిక చివరి పుట ఇప్పుడే చదివితిమి. "మరక తీయలేదు. అది చిన్నప్పుడు నేను పెట్టిన పసుపు. అమ్మ కొట్టింది. కానీ పదిహేడేండ్ల నుంచి ఆ మూల తడవకుండా పైకి పట్టుకొని చీర ఉతుకుతుంది. కాపాడటం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను" అని ఉన్నది. కావున తొలగింపు నిలిపివేయబడినది. పరీక్షకులు నమూనా చూసి మీకు మొదటి ర్యాంకు ఇచ్చినారు. నివేదిక మీ స్వదస్తూరిలో ఉన్నందున చీర పార్శిలులో పంపుచున్నాము. 15లోగా స్వయంగా చేరవలెను.
భవదీయుడు,
శ్రవణ్ కుమార్
తా.క. చేరనిచో సీటు రెండో ర్యాంకుకు పోవును.

గద్వాల, జూలై 6
శ్రవణ్ కుమార్ సారుకు,
చీర ముట్టింది. ఆ పసుపు మీద నా చేయి ఆనిచ్చి చూసుకున్న. ర్యాంకు సంగతి వాడకట్టంత చెప్పిన. సీటు ఆ రెండో పిల్లకియ్యుండ్రి. ఏది కడిగేముందైనా ఆ ఇంటోళ్లను ఒక్కమాట అడగమని చెప్పుండ్రి. మీకు జెప్తే ఎక్కదు.
ఇట్లు,
ఫస్టు ర్యాంకు సుమన తల్లి
తా.క. ఉతికేటప్పుడు ఆ మూల పైకి పట్టుకుంటనని నాకే ఎరుకలేదు సారూ. బిడ్డ అది చూసుకుంట కూసున్నదన్నట్టు.