పేరు లేని కవరు

నవంబరు 5

జిరాక్స్ షాపు సృజన కార్పొరేటర్ ఎన్నికకి ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేసింది. కౌంటర్ మీద చందాల డబ్బా పెట్టి, ఇచ్చేవాళ్ళు పేరు, ఫోన్ నంబర్ తప్పకుండా రాయాలని కాగితం అతికించింది. వెనక పార్టీ లేదు, పెద్దమనిషి లేడు.

అమ్మ పెన్షన్ ఆగిపోయినప్పుడు ఏడు అర్జీలు రాసిపెట్టింది ఈ పిల్లే. ఏడోదానికి గానీ ఆఫీసు కదల్లేదు. జిరాక్స్ డబ్బులు తప్ప ఇంకేమీ తీసుకోలేదు.

భోజనాల దగ్గర మావారు ఆర్థర్‌తో చెప్తే నవ్వారు. మంచి పిల్లే గానీ గెల్వది, ఆమెకిచ్చే పైసలు బూడిదల పోసిన పన్నీరే అన్నారు. టెంట్ హౌస్ నడిపే మనిషికి ఎవరు గెలుస్తారో కుర్చీల ఆర్డర్లలోనే తెలిసిపోతుందట. పార్టీ టికెట్ మీద నిలబడ్డ భానుప్రకాశ్ మనుషులు ఆఖరి మీటింగుకి ఆరువందల కుర్చీలు, గెలిచాక విందుకి షామియానాలు ఇప్పుడే చెప్పి పెట్టారు. ఈ ఏడాది మాకు అదే పెద్ద ఆర్డర్. గోడౌన్ అద్దె అందులోంచే కట్టాలి.

నవంబరు 6, పొద్దున 11

డబ్బాలో అయిదు వేలు వేసి వచ్చాను. పేరు రాయలేదు.

నవంబరు 7

ఇచ్చేటప్పుడు పేరు చెప్పుకోకూడదని అమ్మ నేర్పింది. చర్చి కానుక కవర్ల మీద పేరు గీత ఎప్పుడూ ఖాళీగానే వదిలేస్తాను. నిన్న చేసిందీ అదే.

అబద్ధం ఎందుకు, ఆ ఆరువందల కుర్చీలు కూడా గుర్తొచ్చాయి. భక్తి ఎంతో భయం ఎంతో విడదీసి చూసుకోలేదు.

నవంబరు 9, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టర్ జెరెమియా గారు మైకు దగ్గర ఆగారు. సృజన గారి డబ్బాలో మన కోత పండుగ కవరు దొరికింది, లోపల అయిదు వేలున్నాయి, సంఘం ఏ అభ్యర్థికీ డబ్బివ్వలేదు, వేసినవారు దయచేసి వెళ్ళి మాట్లాడండి అన్నారు.

నా చెవులు వేడెక్కాయి. ఇంట్లో ఒక కవరు మిగిలి ఉంటే అందులో పెట్టేశాను. దాని మీద చర్చి పేరు అచ్చయి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా ఆ నిమిషం కంటికి ఆనలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఎవరో గానీ ఒట్టి అమాయకులు అని ఆర్థర్ గొణిగారు. నేను పాటల పుస్తకంలో తల దూర్చాను.

నవంబరు 11

ఇది ఎవరిదని అడుగుతూ సృజనే ఆ కవరు ఫొటో కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టిందట. భానుప్రకాశ్ మనుషులు దాన్ని పట్టుకుని, ఆమె వెనక చర్చి డబ్బుందని ఊదరగొడుతున్నారు.

పూలమ్మే కమలాబాయి చెప్పింది. ఆ పిల్ల మస్తు పరేషాన్ల ఉందమ్మా, ఓట్లడగనీకి పోతే అందరు కవర్ సంగతే అడుగుతున్రు అని. సాయం చేశాననుకున్నాను. ఆమె మెడకి గుదిబండ కట్టాను.

నవంబరు 12, సాయంత్రం 4

వెళ్ళి, కవరు నాదే అన్నాను. సృజన కుర్చీ వేసింది. వాపస్ తీస్కుంటరా ఆంటీ, పేరు రాస్తరా, ఏదైనా జెర ఇయ్యాల్నే తేల్చున్రి అంది. పేరు రాస్తే షాపు అద్దం మీది లిస్టులో పెడతానని కూడా ముందే చెప్పింది.

వాపసు తీసుకుంటే మా ఆర్డర్ మాకుంటుంది. ఆమె మీద నింద కూడా అలాగే ఉంటుంది. పెన్ను పట్టుకుని నిలబడిపోయాను. ఆధార్ జిరాక్స్‌కి వచ్చినాయన ఇంకెంతసేపమ్మా అన్నాడు.

రాశాను. బ్యూలా, ఇంటి నంబరు, ఫోన్ నంబరు, ఇవి నేను ట్యూషన్లు చెప్పి సంపాదించిన డబ్బులని కూడా. లిస్టులో తొమ్మిదో పేరు నాది.

నవంబరు 13

ఆర్డర్ పోయింది. పొద్దున్నే భానుప్రకాశ్ ఆఫీసు నుంచి ఫోన్, కుర్చీలు వేరేచోట మాట్లాడుకున్నామని. అద్దం మీద నా పేరు ఫొటో తీసి ఆర్థర్‌కి పంపారు కూడా.

నిన్ననే నేను చెప్పాల్సింది. చెప్పలేదు, అది నా తప్పే. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. ముందుగాల చెప్తే ఇంకో పెండ్లి ఆర్డరన్న పట్టుకుంటుంటి గద అన్నారు. టీ తాగకుండా గోడౌన్‌కి వెళ్ళిపోయారు.

నవంబరు 14

ఆర్థర్ తనే అన్నం వడ్డించుకుని తిన్నారు.

నవంబరు 16

పార్కు ముందు సృజన ఆఖరి మీటింగు. నేను వెళ్ళేసరికి మా ట్రాలీ ఆటో నలభై కుర్చీలు దింపుతోంది. పక్కన ఆర్థర్.

ఎట్లాగు గోడౌన్ల దుమ్ము పడుతున్నయి, బాడుగ ఒద్దు, నా పేరు సుత ఎక్కడ రాయకు అని సృజనతో అంటున్నారు. పేరొద్దంటే బాడుగ తీస్కోవాలె అంకుల్ అని ఆ పిల్ల నాలుగు వందలు ఆయన జేబులో పెట్టింది. ఆర్థర్ నా వైపు చూడలేదు గానీ కుర్చీలు సర్దుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

పదిహేడు మంది కూర్చున్నారు. సృజన డ్రైనేజీ గురించి పది నిమిషాలు మాట్లాడింది.

నవంబరు 18

భానుప్రకాశ్ తరఫున ఒకతను వచ్చి కవరు ఇవ్వబోయాడు. ఇంటి నంబరు, ఓటర్ లిస్టు నంబరు, మా ఇద్దరి పూర్తి పేర్లు, అన్నీ దాని మీద ప్రింటు చేసి ఉన్నాయి. మంచికి ఇచ్చిన కవరు మీద నేను పేరు రాయలేదు. ఓటు కొనేవాళ్ళు మాత్రం ఒక్క అక్షరం వదల్లేదు.

వద్దన్నాను. లిస్టుల టిక్ పెట్టేసిన ఆంటీ, తీస్కోకున్నా తీస్కున్నట్లే అన్నాడు. ఆర్థర్ లోపల్నుంచి వచ్చి, ఒద్దన్నది గద, నడువు అన్నారు. ఇన్ని రోజులకి నా తరఫున ఒక మాట. ఏడుపొచ్చింది.

నవంబరు 19

ఓటేశాం. ఒకే స్కూటర్ మీద వెళ్ళాం.

నవంబరు 22

భానుప్రకాశ్ గెలిచాడు. సృజనకి 318 ఓట్లు, డిపాజిట్ పోయింది. మధ్యాహ్నం నుంచి వీధిలో టపాకాయలు.

ఇచ్చింది దండగేనా అని కూర్చుని ఆలోచించాను. దండగే. పోయిన కుర్చీల బాడుగ కూడా కలిపితే పెద్ద దండగ. అలా చూస్తే అమ్మ పెన్షన్‌కి రాసిన ఏడు అర్జీల్లో ఆరు దండగే.

నవంబరు 24

షాపు అద్దం మీద లిస్టు ఇంకా తీయలేదు. ఇవాళ నా పేరు కింద పదో పేరు ఉంది. ఆర్థర్, నాలుగు వందలు. ఆయన చేతిరాతే.

ఇంట్లో ఆయన చెప్పలేదు. నేను ఇద్దరికీ టీ పెట్టాను.