స్నానశాలలో నా వాటా

గ్లినోవ్కా, మార్చి 1990

కామ్రేడ్ ద్యూజెవ్‌కు, పాలు పితికే కపితొలీనా నమస్కారాలు.

మన సమష్టి క్షేత్రం స్నానశాలలో బాయిలరు పగిలి ఆరు శనివారాలయింది. ఒంటికి ఆవిరి పట్టకపోతే మా మోకాళ్ళు లేవవు, ఆవుల దగ్గర కూర్చోలేం. బాగు చేయించండి.

తా.క.: జవాబు వచ్చేదాకా రాస్తూనే ఉంటాను. నాకు అక్షరాలు నేర్పింది మీ పార్టీయే.

జిల్లా కార్యాలయం, డిసెంబరు 1990

కామ్రేడ్ కపితొలీనా,

మీ బాయిలరును వచ్చే పంచవర్ష ప్రణాళికలో చేర్చాం.

విప్లవాభినందనలతో, ద్యూజెవ్.

తా.క.: "పగిలింది" అనకండి. "విశ్రాంతిలో ఉంది" అనండి.

గ్లినోవ్కా, మే 1993

ద్యూజెవ్ దొరగారికి,

కామ్రేడ్ అంటే ఇప్పుడు మీకు కోపమట. ప్రణాళిక పోయింది, దేశమూ పోయింది. బాయిలరు మాత్రం ఇంకా విశ్రాంతిలోనే ఉంది.

మీ కపితొలీనా.

జిల్లా కార్యాలయం, జూన్ 1993

శ్రీమతి కపితొలీనా గారికి,

ఇకమీదట బాయిలర్లు ప్రభుత్వం పని కాదు. స్నానశాలను మీ క్షేత్రంలోని ఇరవై ఇద్దరికీ వాటాలు వేశాం. పత్రం జతచేశాను. మీ ఆస్తి, మీ ఇష్టం.

భవదీయుడు, ద్యూజెవ్.

తా.క.: ఫారంలో గడి ఖాళీగా ఉండకూడదని ఒక్కొక్కరి పేరున ఒక్కో వస్తువు రాశాం. మీకు తలుపు పడింది.

గ్లినోవ్కా, జూలై 1993

దొరగారూ,

సంతోషం. తలుపు ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాను. నన్ను చూసి అందరూ ఎవరి వాటా వాళ్ళు పట్టుకుపోయారు. మా పొరుగింటి ప్రోస్కా తన వాటా బాయిలరులో బంగాళాదుంపలు పోసుకుంది.

యజమానురాలు కపితొలీనా.

తా.క.: యెవ్‌సే తాతకు పునాది పడింది. ఎలా మోసుకెళ్ళాలో రాయమంటున్నాడు.

జిల్లా కార్యాలయం, ఆగస్టు 2004

పౌరురాలు కపితొలీనాకు,

రాజధాని నుంచి పెద్దాయన పంతొమ్మిదిన మీ ఊరి మీదుగా వెళ్తున్నారు. ఆయన కంట ఉత్త పునాది పడకూడదు. గోడలు, కొత్త బాయిలరు నేను పంపుతున్నాను. తలుపు చేయించే వ్యవధి లేదు. మీది వెంటనే తెచ్చి బిగించండి.

ద్యూజెవ్.

తా.క.: ఎందుకని అడగకండి. నేనూ అడగలేదు.

జిల్లా కార్యాలయం, ఆగస్టు 20

పౌరురాలా,

పెద్దాయన వేరే దారిన వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో పక్క ఊరి మీదుగా వస్తారట. బాయిలరు అక్కడ పెట్టాలి. రేపు శనివారం మనుషులతో నేనే వస్తున్నాను.

ద్యూజెవ్.

స్నానశాల, శనివారం

ద్యూజెవ్ గారూ,

బాదకండి, ఈ ఉత్తరం తలుపు కిందనుంచే తోస్తున్నాను. గోడలు మీవి, బాయిలరు మీది, తీసుకుపోండి. తలుపు మాత్రం నాది. పత్రం మీద మీ సంతకమే ఉంది. నా ఆస్తి, నా ఇష్టం. లోపలినుంచి గడియ వేశాను. పద్నాలుగేళ్ళ తర్వాత ఇవాళే మోకాళ్ళు లేచాయి. ప్రతి శనివారం ఇంతే.

కపితొలీనా.

తా.క.: విరగ్గొడదామని మీవాళ్ళు అంటున్నది వినబడుతోంది. లోపల మీ ఆవిడ కూడా ఉంది. ఆవిరి ఒంటికి బాగా పట్టాలని బిర్చ్ చెట్టు కొమ్మలతో ఆమె వీపు నేనే బాదుతున్నాను. మగవాళ్ళ వంతు ఆరింటికి. సబ్బు మీరే తెచ్చుకోండి.