మనకెందుకులే అన్నాను

పెద్దతల్లికి,

నాన్న ప్రేమతో రాసేది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమంగానే ఉన్నాం. నర్సింగ్ చదువూ హాస్టల్ తిండీ నీ ఒంటికి పడుతున్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. నా నడుం నొప్పి తగ్గింది. పాత కుట్టుమిషను ఇంకా నేనే తొక్కుతున్నా, కొత్తదాన్ని అమ్మ నన్ను ముట్టుకోనివ్వడం లేదు. కాజాలు కుట్టడంలో మీ అమ్మ ముందు నేను దిగదుడుపే. ఈ మాట ఆమెతో అనకు, ఇక పట్టలేం. 'చెల్లి రాయడం లేదేం, నా మీద అలిగిందా' అన్నావు. అలగలేదు తల్లీ. ఆదివారం ఫోనులో చెప్పే సంగతి కాదు. రాద్దామని రెండుసార్లు కాగితం తీసి, మడిచి పెట్టేశాను.

రెండు నెలలుగా చిన్నది మనిషి మనిషిలా లేదు. బడి వేళకి కడుపునొప్పి. అన్నం కెలికి లేచిపోతుంది. ఫోను మోగితే ఉలిక్కిపడుతుంది, అయినా చేతిలోంచి వదలదు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, జబ్బేమీ లేదంది. తర్వాత మమ్మల్ని బయట కూర్చోబెట్టి, దానితో అరగంట మాట్లాడింది. అప్పుడు బయటపడింది.

దాని పక్కన కూర్చునే అమ్మాయి నీకు తెలుసుగా, కాస్త నత్తి, మన షాపుకొచ్చి గుండీలు రంగులవారీగా ఏరిపెట్టేది. ఆ పిల్ల క్లాసులో పాఠం చదువుతుంటే ఎవరో వీడియో తీశారు. నత్తి పడిన ముక్కే మళ్ళీ మళ్ళీ వచ్చేలా అతికించి, డప్పుల మోత కలిపి, క్లాసు గ్రూపులో పెట్టారు. ఆ తర్వాత రోజుకొకటి. కింద అందరివీ నవ్వు బొమ్మలు. మన చిన్నది నవ్వలేదు, ఏమీ అనలేదు. రోజూ చూసింది, అంతే.

"రేపు నన్ను పెడతారేమోనని భయం వేసేది. నన్ను కాదులే అని హాయిగా కూడా ఉండేది. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం" అందట డాక్టరమ్మతో. పదిహేనేళ్ల పిల్ల అనాల్సిన మాటేనా అది?

"దెబ్బ తన మీద పడకపోయినా తనకీ తగిలింది. మీకెవరికీ చెప్పలేదా?" అని డాక్టరమ్మ మమ్మల్ని అడిగింది. మీ అమ్మ లేదంది. నేను నేల చూపులు చూశాను.

నాకు చెప్పింది తల్లీ. మొదటి వీడియో వచ్చిన వారంలోనే. నేను ప్యాంటు అంచు మడుస్తున్నాను. ఫోను నా ముందు పెట్టి, "టీచరుకి చెప్పనా నాన్నా?" అంది.

"ఎవరు చేశారు?" అన్నాను.

చెప్పింది. మనకి యూనిఫాంల పని ఇచ్చే బడి మేనేజరుగారి కూతురు.

"మనకెందుకులే. నీ జోలికి రాలేదుగా. నోరు మూసుకుని చదువుకో" అన్నాను. తలైనా ఎత్తలేదు. అది ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

మొన్న దాన్ని వెంటబెట్టుకుని బడికి వెళ్ళాను. పెద్ద టీచరమ్మ ముందు అంతా అదే చెప్పింది. వీడియోలు తీసేయించారు. మేనేజరుగారు నాతో మాట మానేశారు. మాననీ. కానీ ఆ అమ్మాయి అప్పటికే బడి మానేసింది.

ఆ పిల్ల ఇంటికి వెళ్ళాం. వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది. ఆమె వెనకనుంచి పిల్ల వచ్చింది.

"నేనేం రాయలేదే, ఒట్టు" అంది చిన్నది ఏడుస్తూ.

ఆ పిల్ల మాట కూడదీసుకుంది. "తె... తెలుసు. ఎవరెవరు చూశారో గ్రూపులో పేర్లు కనిపిస్తాయి. రోజూ నీ పేరు దగ్గర ఆగేదాన్ని. ఇవాళైనా ఏమైనా రాస్తావేమోనని."

తలుపు వేసుకున్నారు. విసురుగా కాదు, మెల్లగానే.

దారంతా చిన్నది నా చెయ్యి వదల్లేదు. వీధి మలుపులో, "నువ్వు వద్దన్నావని డాక్టరమ్మకి చెప్పలేదు నాన్నా. అమ్మకీ చెప్పను" అంది. ఇంటికి రాగానే అమ్మకి నేనే చెప్పాను. రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు.

ఆదివారం దానికి ఫోను చెయ్యి. ధైర్యంగా ఉండమని మాత్రం అనకు. అది ధైర్యంగానే నా దగ్గరికి వచ్చింది. పిరికివాణ్ణి నేను. ఏదైనా చెబితే విను, మధ్యలో అడ్డు రాకు. నన్ను తిట్టాలనిపిస్తే ఉత్తరం రాయి, దాచుకుంటాను.

ఇట్లు,
మీ ఇద్దరి నాన్న