నాయన పాట మీద పంచాయితీ

ఎల్బీనగర్

అక్కకు తమ్ముడు సైదులు దండం పెట్టి రాస్తున్నాను. నువ్వు, బావ, అమ్మ, చిన్నది అందరూ బాగున్నారనుకుంటున్నాను. అమ్మ మోకాళ్లకు మందు వేసుకుంటోందా? నేనిక్కడ బాగున్నాను, నా గురించి ఫికరు పడకండి. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావా? నువ్వు ఫోనెత్తగానే అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. ఇది నువ్వొక్కదానివే చదువు.

ఇక్కడ ఎల్బీనగర్‌లో ఆటోలకు సీట్లు కుట్టే పని బాగానే నడుస్తోంది. గది అల్మాస్‌గూడలో. కిరాయి తక్కువే, నీళ్లకే జర పరేషాన్. తిండికి లోటు లేదు, నిజంగా బాగున్నాను. పచ్చిపులుసు మాత్రం నీలాగా ఎవరూ చేయరు. ఆదివారం గదిలో ఒక్కడినే ఉంటే ఏడుపొస్తుంది. అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లో చాయ్ బండి దగ్గరికి పోతాను. అక్కడ ఇద్దరు దోస్తులయ్యారు. ఆటో నడిపే యాదగిరన్నది దేవరకొండ వైపు. బట్టల షాపులో చేసే శ్రీనుగారిది గుంటూరు.

ఇద్దరికీ హీరో లచ్చన్నంటే ప్రాణం. అవునక్కా, సినిమాల్లోకి పోకముందు మన నాయన దినాలకు వచ్చి పాడిన లచ్చన్నే! మొన్న ఆదివారం ఆయన సినిమాల్లో ఏది గొప్పదని ఇద్దరూ కొట్టుకున్నంత పని చేశారు.

"లారీ డ్రైవర్ సినిమా ముందు ఏదీ పనికిరాదు. స్టీరింగ్ పట్టుడు చూస్తెనే తెలుస్తలేదా?" అన్నాడు యాదగిరన్న.

"మీరు కొత్తది చూశారా అసలు? తండ్రి పోయిన సీను? చూడకుండా మాట్లాడితే ఎలాగండీ?" అని శ్రీనుగారు ఫోన్లో ఆ పాట పెట్టారు.

అక్కా! మొదటి చరణానికే నా చేతిలో చాయ్ ఒలికిపోయింది. అదే రాగం. భుజాన తువ్వాలేసుకుని చీకటితోనే పొలం పోయే నాయన, ఆ మాటలే!

"ఆపుండ్రి! గది మా నాయన పాట!" అని అరిచాను.

శ్రీనుగారు నవ్వబోయారు. యాదగిరన్న మాత్రం నవ్వలేదు.

"ఏం మాట్లాడుతున్నవ్ సైదులూ? గది మా నాయన పాట. మా నాయన దినాలకు మా వాకిట్ల పాడిండు. మా నాయన పేరు బెట్టి పాడిండు."

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. వాళ్ల నాయన పోయింది మన నాయనకంటే ముందు. లచ్చన్న మంచం మీద కూర్చుని అమ్మను అన్నీ అడిగి తెలుసుకున్నాడు కదా! మీ నాయన మీద పాట కట్టిండని అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది కదా! పేరు మార్చి ఊరూరా అదే పాడాడా?

ఫోన్లో పాట ఆగలేదు. ఆఖరి చరణం వచ్చింది.

"బాట దిక్కు జూసే చెప్పులు ఇంటి దిక్కు జూసెనే, ఇగ బాటే వద్దంటివా నాయనా..."

యాదగిరన్న చెయ్యెత్తాడు. "ఆగు. గిది మాకు పాడలే."

అప్పుడు చెప్పానక్కా. పొద్దున్నే పోవాలని నాయన ఎప్పుడూ చెప్పులు బయటి దిక్కు తిప్పి విడిచేవాడని, ఛాతీ నొప్పితో వచ్చిన రోజు మాత్రం లోపలి దిక్కు విడిచాడని, ఆ సంగతి లచ్చన్నకు మా అమ్మే చెప్పిందని.

"హాల్లో అందరూ ఏడ్చింది ఆ మాటకేనండీ," అన్నారు శ్రీనుగారు.

"మా అమ్మను గూడ అడిగిండు. ఆమె ఏడుసుడే గని ఒక్క ముచ్చట చెప్పలేకపాయె," అన్నాడు యాదగిరన్న. తర్వాత కళ్లు తుడుచుకుని, "లారీ సినిమా పక్కకు పెట్టుండ్రి. గీ సినిమానే గొప్పది," అన్నాడు.

అప్పటినుంచి నాకు నిద్ర సరిగా లేదు. లచ్చన్నను తిట్టాలా, దండం పెట్టాలా తెలియడం లేదు. పాట సగం అందరిదీ అని తెలిస్తే అమ్మ తట్టుకోదు. నువ్వు ఏమీ చెప్పకు. సినిమా ఉండగానే ఆమెను తీసుకుని రా. హాల్లో పక్కన నేను కూర్చుంటాను. పాట మొదలుకాగానే ఇది మీ నాయనదే అంటుంది. అననీ. పక్క సీట్లో యాదగిరన్న కూడా ఉంటాడు. ఆయనేమీ అనడు, నాకు మాటిచ్చాడు.

బావకు నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు. అమ్మ కాళ్లకు నా దండం నువ్వే పెట్టు, నా తల మీద ఆమె చెయ్యి ఉంటే చాలు.

నీ తమ్ముడు
సైదులు