అమ్మ సమాధి దగ్గర సైకిలాయన

వెర్నెల్, 10 జూలై 1987, శుక్రవారం

చెల్లి ఒడెట్‌కి అక్క మర్సెలీన్ రాయునది,

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. ద్రాక్షతోటలో రెండోసారి మందు కొట్టడం అయింది. మీ బావ చొక్కాల మీద ఆ నీలం మరకలు ఇంకా పోలేదు.

అసలు విషయం అమ్మ సమాధి రాయి. ఫిబ్రవరిలో పోయిన మనిషికి జూలై వచ్చినా పేరు చెక్కించలేదు. రాళ్లు చెక్కే మోరెల్ ఈ నెల 31న మధ్యాహ్నం పన్నెండుకి దుకాణం మూసి ఆగస్టు అంతా సముద్రానికి పోతాడు. వచ్చాక అందరికీ ద్రాక్షకోత. కాబట్టి ఏం చెక్కాలో ఈ నెలలోపే కాగితం మీద రాసి అతనికివ్వాలి. లేకపోతే నవంబరులో సకల పునీతుల పండుగనాడు నాన్న పేరొక్కటే ఉన్న రాయి ముందు పూలకుండీ పెట్టుకోవాలి. నేను అనుకున్నది ఇది: క్లెమాన్స్ బర్దె, 1908–1987, చివరిదాకా నమ్మకమైన భార్య. నాన్న పోయాక ఇరవై రెండేళ్లు ఒంటరిగా బతికిన మనిషికి ఆ మాట తగినదే. నువ్వు సరేనంటే ఇచ్చేస్తాను.

ఇంకొకటి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మూడు గురువారాలుగా ఒక పెద్దమనిషి ఎర్ర సైకిల్ మీద సమాధుల తోటకి వస్తున్నాడు. మన ఊరివాడు కాదు. మా వంటింటి కిటికీలోంచి గోడ మీదుగా కొంతే కనిపిస్తుందని నీకు తెలుసు. చూసినంతవరకు రాస్తున్నాను. పదకొండూ పదికి వస్తాడు. సైకిల్ గేటుకి ఆనించి టోపీ తీస్తాడు. సూటిగా అమ్మ సమాధి దగ్గరికి వెళ్తాడు. అక్కడ రాయి వెనక వంగి చాలాసేపు కనిపించడు. లేచేసరికి ముఖమంతా తడి. తర్వాత రాతి అంచు మీద తల వంచుకుని కూర్చుంటాడు. వెళ్లేముందు అమ్మ పూలమొక్కలకి నీళ్లు పోసి, పదకొండూ నలభైకి వెళ్లిపోతాడు. మూడుసార్లూ ఇంతే.

మనకి తెలియని బంధువులెవరైనా ఉన్నారా?

నీ అక్క,
మర్సెలీన్

తా.క. మీ బావని చూడమన్నాను. చాలాసేపు చూసి "పిక్కలు గట్టివి" అన్నాడు. ఆయన వల్ల తెలిసింది అంతే.


లియోన్, 13 జూలై

అక్కకి ఒడెట్ నమస్కరించి రాయునది,

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి కుర్చీలో కూలబడి పూర్తిచేశాను. ముఖమంతా తడి అని రాశావు! అక్కా, మగవాడు పరాయి ఊరి సమాధి దగ్గర వారం వారం ఏడుస్తుంటే నువ్వు బంధువా అని అడుగుతున్నావు. బంధువులు ఏడవరే. మన బంధువులు అసలే ఏడవరు. అమ్మని పూడ్చిన రోజున పెద్దత్త కళ్లు తుడుచుకున్నది కూడా జలుబు వల్లే.

నేను పుట్టడానికి ముందు ఏడాది ద్రాక్షకోత అయ్యాక అమ్మ కుట్టుపని నేర్చుకుంటానని మూడు వారాలు షాలోన్‌లో ఉందని నువ్వే చెప్పావు. ఆ అమ్మ జన్మలో మన గౌనుకి ఒక బొత్తామైనా సరిగ్గా కుట్టిందా?

అమ్మని నేను తప్పుపట్టడం లేదు. నాన్నతో కాపురం ఎలాంటిదో ఇద్దరం చూశాం. కానీ "నమ్మకమైన" అని మాత్రం ఇప్పుడే ఇవ్వకు. కాగితం మీద అబద్ధమైతే చింపేస్తాం, రాయి మీద అబద్ధాన్ని ఏం చేస్తాం? ముందు ఆయన ఎవరో కనుక్కో.

ప్రేమతో,
ఒడెట్

తా.క. ఆయన ముక్కు ఎలా ఉందో చూసి రాయి. నీదీ నాన్నదీ ఒకటే ముక్కు. నాది ఎవరిదో ఇంతవరకు తేలలేదు.


వెర్నెల్, 17 జూలై

ఒడెట్‌కి,

నువ్వు చెప్పినట్టే కనుక్కోవడానికి బయలుదేరాను. కొట్టంలోంచి అమ్మ సైకిల్ తీశాను. గాలి కొట్టించుకుందామని, మనం వరస కలిపి పిలిచే పక్కతోట అన్సెల్మ్ బాబాయి దగ్గరికి తీసుకెళ్లాను. ఎందుకని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన పంపు అందుకుని గాలి కొట్టడం మొదలుపెట్టాడు. "చాలు బాబాయ్, పేలుతుంది" అని నేను పంపు లాక్కునేదాకా ఆపలేదు. ఎనభై ఒకటో ఏట ఆ ఓపిక ఏమిటో!

నిన్న ఆ ఎర్ర సైకిలాయన మన సమాధుల తోట నుంచి కదలగానే నేనూ కదిలాను. ఒడెట్, పదేళ్ల తర్వాత సైకిల్ ఎక్కాను. చర్చి దాటాక బుసేర్ వెళ్లే చిన్నదారి నీకు గుర్తుండాలి. మోటార్లు రావు. రెండు పక్కలా ద్రాక్ష సాళ్లు, ప్రతి సాలు చివర గులాబీ. గొలుసు చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఆయన రెండు వందల గజాల ముందు ఒకే తీరున తొక్కుకుంటూ వెళ్తున్నాడు. ఎత్తు వచ్చినా తొందర లేదు, వాలు వచ్చినా తొందర లేదు. ఎందుకు వెంటపడ్డానో కాసేపు మరిచిపోయాను. అది తప్పే.

తోటలో తీగలు కడుతున్న ఆడవాళ్లు చూడనే చూశారు.

"మర్సెలీన్! ఎవర్ని తరుముతున్నావే?"

"ఎవర్నీ లేదు, కాస్త గాలి కోసం!"

"గాలి ఇప్పుడే ముందుకి పోయిందిలే, ఎర్ర సైకిల్ మీద!"

ఇక రాయలేక రాస్తున్నాను. బుసేర్‌లో ఆయన సమాధుల తోటలోకి వెళ్లాడు. బయటికి వచ్చేసరికి ముఖం తడి. తర్వాత లా రోష్‌లోనూ అంతే. మొంతల్‌లోనూ అంతే. ప్రతి ఊళ్లోనూ దారి అడగకుండా సూటిగా వెళ్లాడు. ప్రతిచోటా నేను గోడ ఇవతలే ఆగిపోయాను. పరాయి ఊరి చనిపోయినవాళ్ల మధ్యకి ఏ పనీ లేకుండా ఎలా వెళ్లను?

ఆయనకి అరవై అయిదు మించవు. నువ్వు అనుమానపడే ఏడాదికి పదిహేనేళ్లు. లెక్క కుదరదు.

అలసిపోయిన అక్క,
మర్సెలీన్

తా.క. ముక్కు మామూలుది. ఎండకి తోలు ఊడుతోంది.


లియోన్, 20 జూలై

అక్కా,

నాలుగు ఊళ్లు! నలుగురు!

రాత్రంతా నిద్ర లేదు. ఒక్కడే మనసిచ్చి ఏడ్చాడంటే అమ్మని క్షమించడానికి సిద్ధమయ్యాను. ఏడవడానికి ఊరికొకరు ఉన్నవాడి కోసమా అమ్మ అప్రతిష్ఠ తెచ్చుకున్నది? దూరం నుంచి చూసి వయసు చెప్పకు. సైకిల్ తొక్కేవాళ్లకి ముసలితనం ఆలస్యంగా వస్తుందని మా డాక్టరే అన్నాడు.

వచ్చే గురువారం ఎదురుగా నిలబడి అడుగు. అడిగేదాకా రాయి మీద ఏమీ చెక్కించకు. "నమ్మకమైన" వద్దు, "భార్య" కూడా ఆలోచించే రాయించు.

కోపంతో,
ఒడెట్

తా.క. అమ్మ దగ్గర ఎంతసేపు కూర్చుంటాడు, మిగతావాళ్ల దగ్గర ఎంతసేపు? నిమిషాలు నువ్వు రాసుకునే ఉంటావు.


వెర్నెల్, 24 జూలై

ఒడెట్‌కి,

ముందు నీ తాజా కలానికి జవాబు. అమ్మ దగ్గర ముప్పై నిమిషాలు. బుసేర్‌లో నాలుగు, లా రోష్‌లో ఆరు, మొంతల్‌లో అయిదు. ఇది చదివి సంతోషించకు, కింద చదువు.

నిన్న మళ్లీ వెనక వెళ్లాను. మొంతల్ చేరేసరికి పన్నెండూ నలభై అయిదు. రొట్టెల దుకాణం మూశారు, కాఫీ దుకాణం మూశారు. కిటికీలన్నీ వేసి ఊరంతా భోజనాల దగ్గర కూర్చుంది. నా నాలుక అంగిలికి అతుక్కుపోయింది. కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. ఇక మర్యాద చూసుకోకుండా ఆయన వెనకే గేటులోకి నడిచాను.

ఆయన సమాధుల మధ్య లేడు. మూలన కొళాయి కింద తల పెట్టి ఉన్నాడు.

తల ఎత్తి, నీళ్లు కారుతూ నన్ను చూసి అన్నాడు. "రండి మేడం. రెండు వారాలుగా నా వెనక వస్తున్నారు. ఈ ఎండలో సీసా లేకుండా బయలుదేరతారా ఎవరైనా?"

తన సీసా నింపి ఇచ్చాడు. సగం తాగాక గాని నాకు మాట రాలేదు.

"మెస్యూ, క్లెమాన్స్ మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఏ క్లెమాన్స్?"

"వెర్నెల్‌లో మీరు కూర్చునే సమాధి!"

ఆయన ముఖం పాలిపోయింది. "అయ్యో మేడం, క్షమించండి. మీ ఊళ్లో కొళాయి ఆ రాయి వెనకే ఉంది. సైప్రస్ చెట్టు నీడ కూడా దాని మీదే పడుతుంది. రొట్టె ముక్క తినడానికి కూర్చుంటాను. రాయి మీద ఒక మగపేరే ఉంది కదా, క్లెమాన్స్ అనే ఆవిడ ఉన్నట్టు నాకు తెలియదు."

ఆయన పేరు ఫోర్నియే. షాలోన్ బడిలో భూగోళం చెప్పి మొన్న జూన్‌లో పదవీ విరమణ చేశాడు. ఊరూరా దుకాణాలు మూసినా సమాధుల తోట గేటు మూయరట, లోపల కొళాయి తప్పక ఉంటుందట. సైకిల్ తొక్కేవాళ్లందరికీ ఇది తెలుసట. మొక్కలకి పోసేది వేడెక్కిన పాత నీళ్లు. కొత్తవి పట్టుకునే ముందు ఎలాగూ పారబోయాలి.

నలభై ఏళ్లుగా ఆ కొళాయి కింద పూలకుండీలు నింపుతున్నాను. దాని కింద మనిషి తల పెడతాడని నాకు తట్టలేదు.

నిజం చెప్పనా? తిరిగి వచ్చే దారంతా నాకు తేలిగ్గా ఉండాలి. లేదు. అమ్మ కోసం ఏడ్చేవాడు ఒక్కడున్నాడు అనుకున్నాను. ఆ ఒక్కడూ లేడు.

నీ అక్క,
మర్సెలీన్

తా.క. ఏ ఊరి నీళ్లు ఎంత చల్లనో మార్కులు వేసి పుస్తకంలో రాసుకున్నాడు. వెర్నెల్‌కి ఇరవైకి పద్దెనిమిది. మొంతల్‌కి తుప్పు వాసనట, తొమ్మిది. పిల్లలకి కూడా ఇలాగే పీనాసిగా వేసి ఉంటాడు.


లియోన్, 27 జూలై

అక్కా,

సిగ్గుతో రాస్తున్నాను, అందుకే పొట్టిగా రాస్తున్నాను. "చివరిదాకా నమ్మకమైన భార్య" అనే చెక్కించు. పెద్ద అక్షరాలతో చెక్కించు. అమ్మని అన్ని మాటలు అన్నందుకు అదైనా చెయ్యాలి.

నీ చెల్లి,
ఒడెట్

తా.క. నా ముక్కు సంగతి ఇంక ఎత్తకు.


వెర్నెల్, 31 జూలై, సాయంత్రం

ఒడెట్‌కి అక్క ఎంతో ఆలోచించి రాయునది,

మోరెల్‌కి కాగితం ఇచ్చాను. నువ్వు రాయమన్నది రాయలేదు. ఎందుకో వరసగా చెబుతాను, కోప్పడకుండా చదువు.

అసలు సంగతి తెలిశాక అన్సెల్మ్ బాబాయికి చెప్పాలని నాకు తోచలేదు. నాదే పొరపాటు. నిన్న పదకొండూ పదికి మెస్యూ ఫోర్నియే వచ్చాడు. నేను అడిగి మరీ ఆ రాయి మీదే కూర్చోబెట్టి, కొళాయి దగ్గర కుండీ నింపుతున్నాను. అప్పుడు గేటులోంచి బాబాయి వచ్చాడు. ఆ ఎండలో నల్ల ఉన్ని సూటు, మెడకి టై, చేతిలో టోపీ. సూటిగా వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"ఎంతకాలంగా వస్తున్నావయ్యా నువ్వు?"

"జూన్ నుంచి, మెస్యూ."

"జూన్! నిన్నగాక మొన్న! నేను పద్దెనిమిదేళ్లు అడిగాను దాన్ని, తెలుసా?"

అప్పుడు నన్ను చూశాడు. నా చేతిలో కుండీ నిండి పొర్లుతోంది, కొళాయి కట్టాలని నాకు తెలియలేదు.

మెస్యూ ఫోర్నియే మంచివాడు. లేచి చోటిచ్చాడు, సీసా నింపి బాబాయి చేతిలో పెట్టాడు, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. బాబాయి ఆ రాయి మీద కూర్చున్నాడు. మొదటిసారి కూర్చున్నాడట. ఇన్నాళ్లూ గోడ అవతలి నుంచే వెళ్లిపోయేవాడట, ఊరు చూస్తుందని.

నాన్న పోయిన మూడేళ్లకి మొదలైందట. ఏటా కోత చివరి రోజు, ఆఖరి బుట్ట బండి మీదికి ఎత్తాక, అమ్మని అడిగేవాడు. అమ్మ ఏటా ఒకటే మాట. "ఈ ఏటి రసం పులియనీ, చూద్దాం." అలా పద్దెనిమిది కోతలు.

నేను అడిగాను. "నాన్న మీద గౌరవంతో వద్దన్నదా బాబాయ్?"

"నేనూ అలాగే అనుకున్నానమ్మా. ఆఖరిసారి గట్టిగా అడిగితే చెప్పింది. 'పోయిన రెమీ కోసం కాదు అన్సెల్మ్. మంచానికి ఈ చివర నుంచి ఆ చివరదాకా నేనొక్కదాన్నే పడుకోవడం అలవాటైంది. ఆ సుఖం ఇంక ఎవరికీ ఇవ్వను' అంది. నవ్వుతూ అందమ్మా. నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఇంటికెళ్లి..."

ఆయన ముఖం తడిసింది. ఈసారి కొళాయి కట్టే ఉంది, నేను చూసుకున్నాను.

రాత్రంతా ఆలోచించాను. నమ్మకమైన భార్య అని చెక్కిస్తే అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు. ఇరవై రెండేళ్లు అమ్మ ఎవరికోసమో ఉండలేదు. ఇష్టమై ఉంది. మనం ఆదివారం ఆదివారం "పాపం ఒంటరి" అనుకుంటూ రొట్టె తీసుకెళ్లి పెట్టాం.

ఈ రోజు పన్నెండుకి పది నిమిషాల ముందు మోరెల్ దగ్గరికి వెళ్లాను. అతను అప్పటికే సముద్రం చెప్పులు వేసుకుని ఉన్నాడు. నాన్న పేరు ఎడమ సగంలో ఉంది కాబట్టి భార్య పేరు కుడి సగంలో సర్దుతానన్నాడు.

"వద్దు" అన్నాను. "నాన్న పేరు కింద కొత్త వరసలో మొదలుపెట్టు. క్లెమాన్స్ అని ఒక్క పేరు. ఈ అంచు నుంచి ఆ అంచుదాకా."

"అంత వెడల్పా? ఇంకెవరి పేరుకీ చోటుండదు మేడం!"

"ఉండకూడదు" అన్నాను.

నీ అక్క,
మర్సెలీన్

తా.క. మెస్యూ ఫోర్నియే నిన్న వెళ్తూ గేటు దగ్గర నన్ను పిలిచి మెల్లగా అడిగాడు. "మేడం, బుసేర్, లా రోష్, మొంతల్‌లో కూడా ఎవరైనా సూటు వేసుకుని నా కోసం చూస్తున్నారా? ఉంటే ముందే చెప్పండి. దారి మార్చుకుంటాను."